శనివారం నీళ్లు

గడ్డి పెరగకుండా చూడు తండ్రీ అని దేవుణ్ణి ప్రార్థించిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో. తొంభై ఏడో సంవత్సరం వానాకాలమంతా నా ప్రార్థన అదే. జూన్‌లో పట్టుకున్న వాన అక్టోబరు దాకా వదల్లేదు. మెట్టుగూడలో మా మిషన్ కాంపౌండు తొమ్మిది ఎకరాలు. గుడి, బడి, పిల్లల హాస్టలు, వాటి మధ్యన ఎటు చూసినా పచ్చిక. ఇవాళ కోస్తే నాలుగో రోజుకి మళ్ళీ చీలమండ దాకా లేచేది. వచ్చిపోయే వాళ్ళు "అబ్బ, ఎంత పచ్చగా ఉందండీ!" అని మురిసిపోయేవాళ్ళు. వాళ్ళ సొమ్మేం పోయింది? కోసేది వాళ్ళా, కడిగేది వాళ్ళా?

కోసేది మా ఆయన నోవహు. కడిగేది నేను.

కోయడానికి ఒక ట్రాక్టరు ఉండేది. పొలం దున్నే ట్రాక్టరంత పెద్దది కాదు. మనిషి నడుమెత్తు ఉంటుంది, ఎర్ర రంగు, డీజిల్ ఇంజను, పొట్ట కింద గిర్రున తిరిగే కత్తులు. సీటు మీద కూర్చుని తిప్పుకుంటూ పోతే వెనకాల గడ్డి చాప పరిచినట్టు చదునైపోతుంది. ఎవరో విదేశాల మిషన్ వాళ్ళు తాము వాడినన్నాళ్ళు వాడి మాకు కానుకగా పంపించారు. హాస్టలు పిల్లలకి అదొక వింత, కమిటీ వాళ్ళకి అదొక గొప్ప. మా ఇంటికి మాత్రం అది ఒక సీటు.

ఆ సీటు సంగతి చెప్పాలి. అంతకుముందు పద్నాలుగేళ్ళు మా ఆయన పెద్దగేటు దగ్గర వాచ్‌మన్. వాచ్‌మన్ కూర్చోకూడదని కాంపౌండు రూలు, అందుకని గేటు దగ్గర కుర్చీ ఉండేది కాదు. నిలబడీ నిలబడీ ఆయన కాళ్ళలో నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఎడమ కాలి చీలమండ పైన పుండు పడింది. ఏ మందుకీ మానేది కాదు. అలాంటిది అప్పటికి ఆరేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆయన్ని గేటు నుంచి తీసి ట్రాక్టరు మీద కూర్చోబెట్టారు. అంతమంది ఉండగా ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారో మాకు అర్థం కాలేదు. "దేవుని కృప, మణీ," అన్నాడాయన. నేను కాదనలేదు. కూర్చునే ఉద్యోగం వచ్చాక రెండేళ్ళలో ఆ పుండు రూపాయి బిళ్ళంతకి దిగింది. పూర్తిగా మాత్రం మూతపడలేదు.

ఈ పుండు సంగతి కాంపౌండులో ఎవరికీ తెలియనివ్వలేదు. ఒంట్లో బాగాలేని వాణ్ణి పెట్టుకోవడానికి ఇదేమన్నా ఆసుపత్రా అని ఒక బంట్రోతుని కమిటీ వాళ్ళు ఇంటికి పంపేయడం నా కళ్ళతో చూశాను. అందుకే కాంపౌండు డిస్పెన్సరీకి కాకుండా రెజిమెంటల్ బజార్‌లో ఒక డాక్టరు దగ్గరికి దొంగల్లా వెళ్ళి వచ్చేవాళ్ళం. ఎక్కువసేపు నిలబడొద్దు, పుండుని తడవనివ్వొద్దు, ఈ రెండే ఆ డాక్టరు చెప్పేది.

తడి గడ్డి కోసిన బండిని కడగకపోతే ఎలా? కడగాలంటే నీళ్ళలో నిలబడాలి. ఆయన నిలబడకూడదు. కాబట్టి నేను నిలబడ్డాను. మాది రేపల్లె వైపు. శనివారం మురికిని ఆదివారం ముట్టుకోకూడదని మా అమ్మ. మా ఇంట్లో శనివారం వస్తే గిన్నెలు, గచ్చు, దుప్పట్లు, చెప్పులు, ఆఖరికి గోడ మీది గడియారం కూడా తోమించుకోవాల్సిందే. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చినా నాకు ఆ బుద్ధి పోలేదు. హాస్టలు వంటింట్లో నూట ఇరవై మందికి వండి వార్చి, శనివారం మధ్యాహ్నం షెడ్డు వెనక పంపు దగ్గర చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ బండి ముందు నిలబడేదాన్ని. గొట్టం మూతి మీద బొటనవేలు నొక్కిపెట్టి, బండి మూతికున్న జాలీ మీదికి ఎదురుగా నీళ్ళు కొట్టేదాన్ని. జాలీ వెనక రేడియేటరు ఉంటుందని, దాని సన్న రేకుల సందుల్లోంచి గాలి పోతేనే ఇంజను చల్లబడుతుందని నాకప్పుడు తెలియదు. మురికి కనపడితే కొట్టడమే నాకు తెలుసు. అద్దంలా మెరిసేదాకా వదిలేదాన్ని కాదు.

జూలైలో ఒక మంగళవారం బండి గుడి ముందు ఆగిపోయింది. నేను వంటింటి వరండాలో బియ్యం ఏరుతున్నాను. బండి మూతలోంచి బుస్సుమని ఆవిరి. మా ఆయన సీట్లోంచి వంగి టోపీతో దానికి విసురుతున్నాడు, చంటిబిడ్డకి జ్వరమొచ్చినట్టు. పరుగున వెళ్ళాను.

"వేడి ముల్లు ఎర్ర గీత దాటింది, మణీ. ఏమాయెనో ఏమో," అన్నాడు.

అప్పుడే స్కూటరు మీద ఆర్థర్ గారు వచ్చారు. మిలిటరీలో కెప్టెన్‌గా రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న మనిషి. కాంపౌండు ఆస్తుల కమిటీకి సెక్రటరీ. ఎనిమిదింటికి వస్తానంటే ఎనిమిదింటికే వస్తారు. ఆయన స్కూటరు చప్పుడు వింటే బడి పంతుళ్ళు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవాళ్ళు.

"ఏంటిది నోవహు? మెషిన్ని సరిగ్గా చూస్తున్నావా, లేదా?"

"చూస్తున్న సార్. ప్రతి శనివారం కడుగుడే."

"శుభ్రంగా కడిగితే ఎందుకు వేడెక్కుతుంది?" ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "ఈసారి కోత పండుగకి బిషప్‌గారు వస్తున్నారు. ఈలోగా దీనికేమన్నా అయిందంటే కమిటీ నా మాట వినదు. వేరే డ్రైవర్ని పెడతారు. నువ్వు మళ్ళీ గేటుకే. అర్థమైందా?"

ఆ మాట చెబుతూ ఎందుకో మా ఆయన కాళ్ళ వైపు చూశారు. బూట్లకి పాలిష్ లేదని చూస్తున్నారనుకున్నాను.

గేటు అన్న మాటకి నా గుండెలో రాయి పడింది. మళ్ళీ వెళ్ళి చేట ముందు కూర్చున్నా బియ్యంలో రాళ్ళు ఇంక కనపడలేదు.

ఆ వారమే బ్రహ్మచారి వచ్చాడు. రెజిమెంటల్ బజార్‌లో డీజిల్ ఇంజన్లు బాగుచేసే మనిషి. పేరు బ్రహ్మచారి, ఇంట్లో నలుగురు పిల్లలు. ఆ మాట ఎవరన్నా అంటే ఆయనే ముందు నవ్వేవాడు. బండి చల్లారేదాకా ముట్టుకోలేదు, చెట్టు కింద కూర్చుని బీడీ కాల్చాడు.

"వేడి మీద మూత తీస్తే మొఖం కాలుతది అన్నా. నాకు తెలిసినోడొకడు గట్లనే కాల్చుకున్నడు. గిప్పటికీ మీసం మొలుస్తలేదు వానికి."

తర్వాత రేడియేటరు మూత తీసి, లోపల ఇంజనుని చల్లబరిచే పచ్చనీళ్ళు చూశాడు. తగ్గినంత పోశాడు. ఫ్యాన్ బెల్టుని బొటనవేలితో నొక్కాడు. రబ్బరు గొట్టాలు పిసికి చూశాడు. మూత పాతబడిందని కొత్తది బిగించాడు. ఆఖర్న టార్చిలైటు వేసి రేడియేటరు మొహం చూసి ఈల వేశాడు.

"గింత సాఫ్ రేడియేటర్ నేనేడ చూడలే. ఎవరు కడుగుతున్నరో గానీ, ఆళ్ళకి మొక్కాలె."

మా ఆయన ఓరగా నా వైపు చూసి నవ్వాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా కడుగుడుకి ఒకరు మొక్కుతాననడం అదే మొదలు. అబద్ధమెందుకు, ఆ రోజంతా గాలిలో తేలినట్టుంది.

"మరి ఎందుకు వేడెక్కుతోందండీ?" అని అడిగాను.

"వయసు, వదినా. మనకు వేడెక్కదా? గట్లనే."

వయసే అయితే కాస్త ఎక్కువ సేవ చేయాలి కదా. నా బుర్రకి తట్టింది అంతే. ఆగస్టు నుంచి శనివారం చాలదని బుధవారం కూడా కడగడం మొదలుపెట్టాను. బండి ఎంత వేడెక్కితే నేను అంత గట్టిగా కొట్టేదాన్ని. నేను ఎంత గట్టిగా కొడితే అది అంత తొందరగా వేడెక్కేది. ముందు గంట నడిచేది, తర్వాత అరగంట, సెప్టెంబరుకి ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు కోయడం, నలభై నిమిషాలు చల్లారబెట్టడం. గడ్డి మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

నాకు ఒళ్ళు హూనమైపోయింది. చేతివేళ్ళు ఎప్పుడు చూసినా నానిన బొబ్బర్లలా తెల్లగా ముడతలు. మోకాళ్ళు మెట్టు ఎక్కుతుంటే కటకటమనేవి. పొయ్యి ముందు నిలబడి నిద్రపోయి ఒకరోజు సాంబారు అడుగంటించాను. పిల్లలు మాట్లాడకుండా తిన్నారు పాపం.

"జెర కూసో మణీ. ఒక్క శనివారం కడగకుంటే ఏమైతది?" అన్నాడు మా ఆయన.

"నేను కూర్చుంటే మీరు నిలబడాల్సొస్తుంది," అన్నాను. విసుగ్గానే అన్నాను.

స్త్రీల మైత్రి ప్రార్థన ఆ నెల మా ఇంట్లో పెట్టుకున్నాం. పాస్టరమ్మ రోసమ్మ గారు అందరి అక్కరలూ అడిగి, నా వంతు వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని "ప్రభువా, ఆ బండి కడుపులో మంటని నీ చల్లని చేత్తో తీసివేయి తండ్రీ" అని కన్నీళ్ళతో ప్రార్థించింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను మాత్రం ఆమేన్ గట్టిగానే అన్నాను. ఆ తర్వాత రెండు రోజులు బండి వేడెక్కలేదు. ఆ రెండు రోజులూ ముసురు పట్టి బండి షెడ్డులోంచి బయటికి రాలేదు, అది వేరే సంగతి.

కోత పండుగ ఇంకా తొమ్మిది రోజులుందనగా బండి పని అయిపోయింది. షామియానా వేసే చోటు ఆ రోజే కోసి తీరాలని ఆర్థర్ గారు పట్టుబట్టారు. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తున్నా మా ఆయన ఆపలేదు, ఇంకొక్క వరస అనుకున్నాడు. ఆ ఇంకొక్క వరసలో బండి దగ్గి, తెల్లటి పొగ కక్కి, ఊపిరి వదిలేసింది. ఇంజను తలకాయ కింద ఉండే గాస్కెట్ కాలిపోయింది. మైదానం సగం నున్నగా, సగం జుట్టు విరబోసుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున బ్రహ్మచారి బండిని విప్పాడు. నట్లన్నీ ఊడదీసి, ఈసారి రేడియేటర్ని మొత్తం బయటికి తీశాడు. రెండు చేతులతో పైకెత్తి ఎండకి అడ్డంగా పట్టుకున్నాడు. అవతలి వెలుతురు ఒక్క చుక్క ఇవతలికి రాలేదు.

"అరె," అన్నాడు. కింద పెట్టి, ఒక చీపురు పుల్ల తీసుకుని, ఇంజను వైపున్న రేకుల సందులో గుచ్చి లాగాడు. నల్లటి పెళ్ళ ఒకటి ఊడిపడింది. గడ్డీ మట్టీ కలిసి పిడకలా గట్టిపడింది. ఇంకో చోట గుచ్చాడు. అక్కడా అదే.

నేను టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన, ఆర్థర్ గారు, బ్రహ్మచారి, ముగ్గురికీ మూడు గ్లాసులు.

"ముందు మొఖం అద్దం లెక్కుంది సార్, నడుమంత గిది," అన్నాడు బ్రహ్మచారి. "ఎదురుంగ కొట్టిన్రు నీళ్ళు, జోర్ మీద. గడ్డి బయటికి రాలే, లోపటికి పోయి కూసున్నది. గాలి పోనీకి తొవ్వేడిది? ముందుగాల ఎండనిచ్చి దులపాలె. అటెన్క ఇంజన్ దిక్కుకెళ్ళి బయటికి కొట్టాలె నీళ్ళు, గది సుత మెల్లగ. నాది సుత తప్పే, మొన్న పైపైన చూసి పోయిన. కడిగి కడిగి సంపిన్రు గదా దీన్ని!"

"ఎవరు కడిగారు?" అన్నారు ఆర్థర్ గారు.

నేను టీ పళ్ళెం ఆర్థర్ గారి ముందుకి చాపాను.

"నేనే సార్," అన్నాడు మా ఆయన. "నేనే కొట్టిన. తెల్వక కొట్టిన."

"నువ్వేనా?"

"నేనే సార్."

ఆర్థర్ గారు ఆయన్ని వదిలి నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఏదో ఒకటి అనాలి నేను.

"టీ చల్లారిపోతోందండీ," అన్నాను.

ఆ సాయంత్రం పుండు తుడిచి కట్టు కడుతూ ఆయన్ని అడిగాను, "ఎందుకలా చెప్పారు? కడిగింది నేను కదా!"

"నువ్వు కడిగినవంటే, ఎందుకు కడిగినవంటడు. నేనెందుకు కడగలేదంటడు. గప్పుడు కాలు చూపెట్టాలె. కాలు చూస్తే గేటు సుత ఇయ్యరు మణీ. ఇంటికి పో అంటరు."

ఆయన చెప్పింది నిజమే. నిజమైనా నాకు ఏడుపు ఆగలేదు. మూడు నెలలు ఒళ్ళు విరగ్గొట్టుకుని నా మొగుడి సీటుని నేనే నీళ్ళు కొట్టి కొట్టి పోగొట్టాను.

"ఏడువకు. నువ్వు మంచికే చేసినవ్," అన్నాడు నా తల మీద చెయ్యి వేసి. దానికి బదులు రెండు తిట్టినా బాగుండేది.

కోత పండుగకి ఇరవై మంది కూలి ఆడవాళ్ళు కొడవళ్ళతో గడ్డి కోశారు. బిషప్‌గారు వచ్చారు. గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు వేలం పాడారు. సాక్ష్యాల సమయంలో నేను లేచి నిలబడ్డాను. చెప్పేద్దామనే లేచాను. పక్కన మా ఆయన కాలు జరుపుకుని నా వైపు చూశాడు. "ఈ సంవత్సరమంతా దేవుడు మమ్మల్ని కాపాడాడు, ఆయనకి వందనాలు," అని కూర్చున్నాను. మింగలేక కక్కలేక అంటారే, అదీ నా పని.

సోమవారం నుంచి కామరాజు అనే కొత్తాయన ట్రాక్టరెక్కాడు. బండి బాగుపడి వచ్చింది. మా ఆయన మళ్ళీ ఖాకీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా. మొదటి వారం కాలు వాచింది. రెండో వారం రూపాయి బిళ్ళంత పుండు అరచేయంత అయింది. మేజోడు విప్పుతుంటే అంటుకుని వచ్చేది. ఆయన పళ్ళు బిగించి గోడ వైపు చూసేవాడు, నేను ఆయన మొహం వైపు చూసేదాన్ని కాదు.

మూడో వారం శనివారం నేను ఏమీ కడగలేదు. గిన్నెలు కుండీలోనే వదిలేసి, మా ఆయనకి చెప్పకుండా సైనిక్‌పురి బస్సెక్కాను.

తలుపు తీసింది ఆర్థర్ గారి భార్య మేబెల్ గారు. ఆయన వరండాలో పాత పేపరు పరుచుకుని స్కూటరు ప్లగ్గు తుడుచుకుంటున్నారు.

"వందనాలు సార్."

"వందనాలమ్మా. కూర్చో."

కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను. "ట్రాక్టరు కడిగింది నేనండీ. ఆయన కాదు."

"తెలుసు," అన్నారు ఆయన తలెత్తకుండా.

ఆ ఒక్క మాటకి తర్వాత చెప్పాల్సినవన్నీ మర్చిపోయాను.

"ఆఫీసు కిటికీలోంచి షెడ్డు వెనక పంపు కనపడుతుందమ్మా. ప్రతి శనివారం చూసేవాణ్ణి. ఎంత శ్రద్ధగా కడుగుతుందో ఆ మనిషి అని ఇంటికొచ్చి మేబెల్‌కి చెప్పేవాణ్ణి. ఎదురుగా కొట్టకూడదని నాకు మాత్రం ఏం తెలుసు? మిలిటరీలో మా జీపులకీ అలాగే కొట్టించాను. ఎన్ని పాడు చేశానో."

మేబెల్ గారు అవునన్నట్టు తల ఊపింది. నాకు కోపం ముంచుకొచ్చింది. పెద్దాయన అని కూడా చూడలేదు.

"తెలిసి తెలిసి మరి ఊరుకున్నారేం సార్? ఆయన నేనే, నేనే అంటుంటే కాదని ఎందుకనలేదు?"

ఆయన ప్లగ్గు కింద పెట్టారు. "రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నా మొహం మీదే అబద్ధం చెప్పాడు. నాకూ కోపం వచ్చింది. ఆ సీటు అతనికిచ్చింది నేను, నా దగ్గర దాపరికం ఏంటి అనిపించింది. నువ్వన్నా చెబుతావేమోనని నీ వైపు చూశాను. నువ్వు టీ చల్లారిపోతోందన్నావు."

నాకు తల తీసేసినట్టయింది. "కాలండీ," అన్నాను. "కాలు సంగతి బయటపడుతుందని..."

"ఇప్పుడెలా ఉంది కాలు?"

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

"ముప్పై ఏళ్ళు సిపాయిల కాళ్ళు చూసినవాణ్ణమ్మా. గేటు దగ్గర ఎడమ బూటు లేసు వదులుగా కట్టుకుని నిలబడేవాడు. మేజోడు పైదాకా తడిసి ఉండేది. అది చూసే కదా ట్రాక్టరు మీద కూర్చోబెట్టాను. కమిటీకి తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు. మీక్కూడా చెప్పలేదు."

అప్పుడు కూర్చున్నాను, వరండా మెట్టు మీదే. ఆరేళ్ళపాటు మేము ఆయన దగ్గర, ఆయన మా దగ్గర ఒకే పుండుని దాచుకుంటూ వచ్చాం. ఎవరో ఒకరం నోరు విప్పి ఉంటే సరిపోయేది. మేబెల్ గారు నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది.

"ఆ సీటు మళ్ళీ..." అన్నాను.

"కామరాజుకి ఆర్డరు ఇచ్చేశాం. ఇప్పుడు దింపితే, అతనేం పాపం చేశాడమ్మా?" అన్నారు. ప్లగ్గు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "చూస్తాను," అన్నారు. ఏం చూస్తారో నేను అడగలేదు. ఇంటికొచ్చాక మా ఆయనకీ చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు, ధైర్యమూ లేదు.

సోమవారం గేటు దగ్గర ఒక కుర్చీ వెలిసింది. గుడి హాల్లోది, ఇనప కుర్చీ, చేతులున్నది. హాస్టలు కిటికీలోంచి చూసి హమ్మయ్య అనుకున్నాను. మంగళవారం చూశాను. మా ఆయన దాని పక్కన నిలబడి ఉన్నాడు. బుధవారం చూశాను. నిలబడే ఉన్నాడు. పోనీ నేను చూసినప్పుడే నిలబడుతున్నాడేమో అనుకుని గురువారం రెండుసార్లు, శుక్రవారం నాలుగుసార్లు చూశాను. సాయంత్రం కట్టు విప్పితే పుండే చెప్పేసింది, ఈయన కూర్చోవడం లేదని.

శనివారం ఉండబట్టలేక టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎడమ కాలి బరువంతా కుడి కాలి మీద వేసి, గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్చీ మీద దుమ్ము రవ్వంత లేదు.

"ఆ కుర్చీ ఎవరిదండీ?" అన్నాను.

"తెల్వది. సోమవారం సార్ పెట్టించి పోయిండు, ఏం చెప్పలే. ఎవరన్న పెద్దోళ్ళు వస్తరేమో. రోజు తుడుస్తున్న."

రోజూ తుడుస్తున్నాడట! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అది మీకేనండీ."

"నాకెందుకు? వాచ్‌మన్‌కు కుర్చీ ఉండదు గదా."

"సార్‌కి మీ కాలు సంగతి తెలుసు. ఆరేళ్ళ కిందటే తెలుసు. తెలిసే ట్రాక్టరెక్కించారు." ఒక్క గుక్కలో చెప్పేశాను. "నేను సైనిక్‌పురి వెళ్ళాను. కడిగింది నేనని చెప్పాను. మీరు కాలు దాచడానికే అబద్ధం చెప్పారని కూడా చెప్పాను."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత కుర్చీ వైపు చూశాడు. దూరంగా గుడి పక్కన కామరాజు ట్రాక్టరు తిప్పుతున్నాడు. చలికాలం దగ్గరపడి గడ్డి పలచబడింది, బండి చప్పుడు కూడా తేలిగ్గా ఉంది. ఆయన దాన్నే వింటూ నిలబడ్డాడు.

"కూర్చోండి," అన్నాను. "ఇంక నావల్ల కావడం లేదు. మీ కాలు కాదు, నావల్లే కావడం లేదు. కూర్చోండి."

భుజం మీది తువ్వాలు తీసి కుర్చీని ఇంకొకసారి తుడిచాడు. నెమ్మదిగా కూర్చున్నాడు. ఎడమ కాలు ముందుకి చాపుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

కాసేపటికి కళ్ళు తెరవకుండానే అడిగాడు, "కామరాజు ఏ దిక్కుకెళ్ళి కడుగుతున్నడు?"

"ఇంజను వైపు నుంచేనండీ. నేను చూపించాను."

"మెల్లగనేనా?"

"మెల్లగానే."

బయట స్కూటరు హారన్ వినిపించింది. ఆర్థర్ గారి హారన్. మా ఆయన ఉలిక్కిపడి, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు.

"మీరుండండి," అని గేటు నేను తెరిచాను.